పాట చివర పేరు

పోయిన నెల సమావేశం ముగిసి కుర్చీలు సర్దుతుంటే మా సంఘం పెద్దాయన ఒకరు నన్ను పక్కకు పిలిచారు. రిటైరైన లెక్కల మాస్టారు. ఆయన దగ్గర పదకొండు వేల పాటలున్నాయట. సినిమా పాటలు, పద్యనాటకాలు, బుర్రకథలు, సంఘం సభల్లో చేసిన ఉపన్యాసాల రికార్డింగులు. కంప్యూటరులో ఒక లెక్క ఉంది, సెల్‌ఫోనులో ఇంకో లెక్క ఉంది. రెండూ ఎప్పుడూ ఒకటిగా ఉండేట్టు చూసే సాఫ్ట్‌వేరు ఏదైనా ఉంటే చెప్పమన్నారు. "నువ్వు ఇలాంటివన్నీ కెలుకుతూ ఉంటావు గదా. ఒక్క పేరు చెప్పవయ్యా, పెట్టేసుకుంటా" అన్నారు.

పేరు చెప్పడం ఒక్క నిమిషం పని. నేను చెప్పలేదు. రాసి చూపిస్తానన్నాను. ఆయనకు కాస్త కోపం వచ్చినట్టుంది. "బాబాను అడిగినా ఇంతకంటే తొందరగా చెప్తాడు" అన్నారు. నిజమే. బాబాలు తొందరగానే చెప్తారు.

నా వెనకాడటానికి కారణం ఉంది. 2008 ఎండాకాలంలో తెనాలిలో మా ఇంట్లో మా అమ్మ చేతా, పెద్దమ్మ చేతా పాటలు పాడించి ఫోనులో రికార్డు చేశాను. మంగళహారతులు, దంపుళ్ళ పాటలు, అప్పగింతల పాటలు. అమ్మకు దేవుడున్నాడు, నాకు లేడు. ఈ విషయంలో మా ఇద్దరిలో ఎవరూ మెత్తబడలేదు, ఎవరూ పోట్లాడలేదు. అయినా ఆ హారతుల్లో మా ఊరి మాట ఉంది, అమ్మమ్మ బాణీ ఉంది. అవి ఏ పుస్తకంలోనూ లేవు. మొత్తం 41 పాటలు. వాటిని ఎంపీత్రీలుగా మార్చి, కంప్యూటరులో ఒక ప్రోగ్రాములోకి ఎక్కించి, ఏది ఎవరు పాడారో కూర్చుని రాసుకున్నాను.

2009 చివర అమ్మ పోయింది. 2010లో కంప్యూటరు హార్డ్‌డిస్కు పోయింది. పర్లేదు, ఫోనులో ఉన్నాయి గదా అనుకున్నాను. కొత్త డిస్కు వేయించి, ఎవరో మెచ్చుకున్న ఇంకో ప్రోగ్రాము పెట్టి, ఫోను తగిలించాను. ఫోనును ఈ కంప్యూటరుకు సమానం చేయమంటారా అని ఇంగ్లీషులో అడిగింది. చేయమన్నాను. కంప్యూటరులో ఏమీ లేదు. ఫోనును కూడా దానికి సమానం చేసింది. పది సెకన్లు పట్టలేదు.

ఆ ప్రోగ్రాము పేరు ఇక్కడ అనవసరం. అది అబద్ధం ఆడలేదు, చెప్పిన పనే చేసింది. "సమానం" అంటే దాని ఉద్దేశం ఏమిటో నేను అడగలేదు. వాస్తు పండితుడు చెప్తే ఎందుకు, ఏమిటి, ఆధారం చూపించు అని పీకుతామే, తెర మీద "ఓకే" బొత్తం కనిపిస్తే మాత్రం భక్తిగా నొక్కేస్తాం. ఆ "సమానం"కు అర్థం ఎక్కడి నుంచి వచ్చిందని తరవాత వెతుక్కుంటూ పోయాను. మాస్టారికి కావలసిన జవాబు ఆ వెతుకులాటలోనే ఉంది గనుక అదే రాస్తున్నాను.

కొంచెం వెనక నుంచి మొదలుపెట్టాలి. 1902 నవంబరులో గ్రామఫోను కంపెనీ తరఫున ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తా వచ్చి మన గాయకుల పాటలు రికార్డు చేశాడు. వాళ్ళలో గౌహర్ జాన్ ఒకరు. ఆమె రికార్డులు ఇప్పుడు ఎవరైనా వినొచ్చు. పాట అయిపోయాక చివర్లో ఇంగ్లీషులో తన పేరు చెప్తుంది. మొదటిసారి విన్నప్పుడు అది గర్వమేమో అనుకున్నాను. సాధారణంగా చెప్పే కారణం వేరు. ఇక్కడ రికార్డు చేసిన మూల ఫలకాలు ఓడ ఎక్కి జర్మనీలోని హానోవర్ వెళ్ళేవి. అచ్చు వేసేది అక్కడ. అక్కడి పనివాళ్ళకు ఏది ఎవరి పాటో తెలియదు. అంటించిన చీటీ ఊడిపోవచ్చు. పాటలోనే చెప్పిన పేరు ఊడదు.

ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

ఎంపీత్రీ జర్మనీలో ఎర్లాంగెన్‌లోని ఫ్రాన్‌హోఫర్ సంస్థలో తయారైంది. కార్ల్‌హైంజ్ బ్రాండెన్‌బర్గ్ పేరు ముఖ్యంగా వినబడుతుంది. పెద్ద శబ్దం పక్కన చిన్న శబ్దం చెవికి వినపడదు గనుక దాన్ని దాచుకోవడం ఎందుకు అన్నది అందులోని సూత్రం. ఫైలు పదో వంతుకు తగ్గుతుంది. ఆ పొడి మూడక్షరాల పేరు 1995 జులైలో ఖాయం చేశారు. కానీ ఆ ఫైలులో పాట పేరు రాయడానికి చోటు లేదు! ఇంత ఆలోచించినవాళ్ళకు ఆ ఆలోచన రాలేదు. 1996లో ఎరిక్ కెంప్ అనే ఆయన ఒక ఉపాయం చేశాడు. ఫైలు చివర 128 బైట్లు తగిలించాడు. మొదటి మూడు బైట్లు "ఇక్కడ చీటీ ఉంది" అనే గుర్తు. పాట పేరుకు 30, గాయకుడికి 30, ఆల్బముకు 30, సంవత్సరానికి 4, వ్యాఖ్యకు 30, రకానికి 1. దీన్ని ఐడీత్రీ ట్యాగు అంటారు. పాత ప్లేయర్లకు ఆ చివరి ముక్క అర్థం కాకపోయినా పాటకు అడ్డం రాదని చివర పెట్టాడు. గౌహర్ జాన్ చేసిందీ అదే, 94 ఏళ్ళ ముందు.

మనకు ఇందులో రెండు చిక్కులు వచ్చాయి. ఆ ఒక్క బైటులో పాట "రకం" రాయాలి. దానికి మొదట 80 రకాల జాబితా ఇచ్చారు. బ్లూస్ ఉంది, పోల్కా ఉంది. కర్ణాటక సంగీతం లేదు, హిందుస్తానీ లేదు. "ఎత్నిక్" అని ఒకటుంది. మనమందరం అందులో సర్దుకోవాలి. రెండో చిక్కు లిపి. ఆ 30 బైట్లు పడమటి ఐరోపా అక్షరాల లెక్కలో పెట్టినవి. యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు యూనికోడు గుర్తు ఒక్కొక్కటి మూడు బైట్లు మింగుతుంది. అలా బలవంతంగా కుక్కినా "మంగళహారతి" అనే ఒక్క మాటకే 27 బైట్లు పోతాయి. ఇంకొక్క అక్షరానికి చోటు. ఏ దేవుడి హారతో రాయడానికి లేదు. మా అమ్మ ఒప్పుకునేది కాదు.

1998లో ఐడీత్రీ రెండో తరం వచ్చింది. చీటీ ఫైలు మొదటికి వచ్చింది, ఎంత పొడుగైనా రాయొచ్చు, యూనికోడు కూడా రాయొచ్చు. 2000లో వచ్చిన 2.4 పాఠంలో యూటీఎఫ్-8 చేరింది. అయితే విండోస్ చాలా ఏళ్ళు 2.3 వరకే చదివింది. ఒక ప్రోగ్రాములో శుభ్రంగా తెలుగులో రాసిన పేరు ఇంకో ప్రోగ్రాములో ప్రశ్నార్థకాల వరసగా కనబడటం ఆ రోజుల్లో మామూలు. అందుకే మనవాళ్ళు పాటల పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో రాయడం అలవాటు చేసుకున్నారు. ఆ అలవాటు ఇప్పటికీ పోలేదు. అవసరం తీరిపోయిన ఆచారం ఎలా నిలబడుతుందో చూడాలంటే పల్లెటూళ్ళకే వెళ్ళక్కర్లేదు, మన ఫోల్డర్లు తెరిస్తే చాలు.

చీటీలు ఎవరి ఆస్తి అన్నది ఇంకో కథ. సీడీ పెట్టగానే పాటల పేర్లు వాటంతటవే వస్తాయి గదా. ఆ జాబితా సీడీడీబీ పేరుతో 1990ల్లో మొదలైంది. ప్రపంచం నలుమూలల నుంచి మామూలు జనం తమ సీడీల వివరాలు కొట్టి పంపారు. జీతం లేదు, పేరు లేదు. 1998లో దాన్ని ఒక కంపెనీ కొన్నది. తరవాత గ్రేస్‌నోట్ అని పేరు మారింది, వాడుకోవాలంటే లైసెన్సు అన్నారు. 2008లో సోనీ 26 కోట్ల డాలర్లకు కొన్నది. టైపు చేసినవాళ్ళకు దమ్మిడీ రాలేదు. ఆ కోపంలోంచే 2000లో రాబర్ట్ కే మ్యూజిక్‌బ్రెయిన్జ్ మొదలుపెట్టాడు. అందులోని ముఖ్య సమాచారం ఎవరైనా తీసుకోవచ్చు, ఎవరూ తాళం వేయలేరు. సీడీడీబీ నుంచి విడిపోయిన ఫ్రీడీబీ 2020లో మూతపడింది. మ్యూజిక్‌బ్రెయిన్జ్ మిగిలింది.

ఇక పాటల్ని పెట్టే ప్రోగ్రాములు. 1997లో విన్యాంప్ వచ్చింది. జస్టిన్ ఫ్రాంకెల్, డిమిత్రి బోల్డిరెవ్ అనే కుర్రాళ్ళు రాశారు. 1999లో ఏఓఎల్ కొనేసింది. కోఠీ ఫుట్‌పాత్‌ల మీద ఒక సీడీలో నూటయాభై పాటలు అమ్మిన రోజులవి. విన్యాంప్ తెరవని ఇంటర్నెట్ సెంటరు ఉండేది కాదు. అయితే విన్యాంప్ మొదట్లో గ్రంథాలయం కాదు. పాట ఇస్తే వాయిస్తుంది, అంతే. పాటలు ఎక్కడున్నాయో చూసుకోవలసింది మనం.

మాకింటాష్ మీద సౌండ్‌జామ్ అనే ప్రోగ్రాము ఉండేది. 2000లో ఆపిల్ దాన్ని కొని, రాసినవాళ్ళతో సహా తీసుకుపోయి, 2001 జనవరి 9న ఐట్యూన్స్ అని విడుదల చేసింది. అదే ఏడాది అక్టోబరు 23న ఐపాడ్. 2003 అక్టోబరులో విండోస్‌కు ఐట్యూన్స్. ఇక్కడ ఒక మలుపు ఉంది. అంతకుముందు పాట అంటే ఫైలు. ఐట్యూన్స్‌తో పాట అంటే జాబితాలో ఒక వరస అయింది. ఫైలు ఎక్కడుందో మీకెందుకు, నేను చూసుకుంటాను అంది ప్రోగ్రాము. హాయిగానే ఉంది. మా ఇళ్ళల్లో బీరువా తాళాలు అమ్మ దగ్గర ఉన్నట్టు. అమ్మ ఉన్నంతకాలం హాయే.

జాబితాలో ఏముంటుంది? పేరు, గాయకుడు వంటివి చాలా ప్రోగ్రాములు ఫైలులోని ట్యాగులో కూడా రాస్తాయి. కానీ నక్షత్రాలు, ఎన్నిసార్లు విన్నామన్న లెక్క, పాటల వరసలు ఐట్యూన్స్ తన సొంత పుస్తకంలోనే ఉంచుకుంది. నేను 2008లో వాడిన ప్రోగ్రాము ఇంకా ఘోరం. గాయకురాలి పేరు కూడా ఫైలులో రాయకుండా తన దగ్గరే పెట్టుకుంది. నాకు తెరమీద "అమ్మ", "పెద్దమ్మ" అని కనబడుతుంటే ఫైలులో ఉన్నాయనే అనుకున్నాను. ఫైలును ఇంకో ప్రోగ్రాములో తెరిచి చూస్తే ఒక్క నిమిషంలో తెలిసేది. చూడలేదు.

ఇప్పుడు సింక్ సంగతి. తెలుగులో "సమకాలీకరణ" అని ఎవరో రాశారు. ఆ మాట పలికేలోపు ఫైళ్ళు చెరిగిపోతాయి గనుక సింక్ అనే అంటాను. 1996లో పామ్ పైలట్ అనే చేతి కంప్యూటరు వచ్చింది. దాని తొట్టికి ఒకే బొత్తం. నొక్కితే చిరునామాలు, తేదీలు కంప్యూటరుతో కలిసిపోతాయి. ఒకే చిరునామాను రెండు చోట్లా వేరువేరుగా మార్చి ఉంటే? అది తీర్పు చెప్పేది కాదు. రెండూ ఉంచేది. మీరే చూసుకోండి అన్నట్టు. నాకు ఆ వినయం నచ్చింది. అదే ఏడాది ఆస్ట్రేలియాలో ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మాకెరాస్ ఆర్‌సింక్ రాశారు. ఫైలు మొత్తం పంపకుండా మారిన ముక్కలే పంపుతుంది. అది కూడా, చెరిపేయమని మీరు విడిగా ఆజ్ఞ ఇస్తే తప్ప, అవతలి వైపు ఏదీ చెరపదు.

అసలు చిక్కు చెరపడంలోనే ఉంది. మాస్టారు లెక్కల మనిషి గనుక లెక్కలాగే చెప్తాను. కంప్యూటరులో ఒక పాట ఉంది. ఫోనులో అది లేదు. కంప్యూటరులో కొత్తగా చేరిందా? ఫోనులో చెరిపేశామా? మొదటిదైతే ఫోనులో పెట్టాలి. రెండోదైతే కంప్యూటరులోనూ చెరపాలి. ఇప్పటి రెండు జాబితాలనూ ఎంతసేపు చూసినా జవాబు దొరకదు. తెలివితక్కువ వల్ల కాదు, ఆ సమాచారం అక్కడ లేదు. కిందటిసారి కలిసినప్పుడు రెండు వైపులా ఏమున్నాయో మూడో జాబితా ఒకటి దాచుకుని ఉంటేనే తెలుస్తుంది. బాలసుబ్రమణియం, బెంజమిన్ పియర్స్ 1998లో ఒక పరిశోధన పత్రంలో ఫైళ్ళ సింక్ అంటే ఏమిటో కచ్చితంగా నిర్వచించారు. పియర్స్ బృందం రాసిన యూనిసన్ అనే ప్రోగ్రాము ఆ మూడో జాబితాను జాగ్రత్తగా దాచుకుంటుంది.

పాటల ప్రోగ్రాములు చాలావరకు ఈ తంటా పడలేదు. కంప్యూటరు యజమాని, ఫోను నౌకరు అనేశాయి. యజమాని దగ్గర లేనిది నౌకరు దగ్గర ఉండకూడదు. ఐపాడ్ పద్ధతి ఇదే. ఒక ఐపాడ్‌కు ఒకే గ్రంథాలయం. ఇంకో కంప్యూటరుకు తగిలిస్తే చెరిపి కొత్తవి ఎక్కించనా అని అడిగేది. ఐపాడ్ లోపలి పాటల ఫైళ్ళకు అర్థంలేని నాలుగక్షరాల పేర్లు పెట్టి కనబడని ఫోల్డర్లలో దాచేవారు. ఎందుకంటే ఐపాడ్ చేతులు మారుతూ పాటలు పంచితే రికార్డు కంపెనీలు ఊరుకోవు. పాటలు దొంగిలించకండి అని ఐపాడ్‌కు చుట్టిన ప్లాస్టిక్ కాగితం మీదే రాసి అమ్మారు. అంటే ఆ "సమానం"కు అర్థం గణితం నుంచి రాలేదు, వ్యాపారం నుంచి వచ్చింది. పాట కంప్యూటరు నుంచి చేతికి రావచ్చు, చేతి నుంచి కంప్యూటరుకు పోకూడదు. ఈ కట్టుబాటు మిగతా ప్రోగ్రాములకూ అలవాటైపోయింది. నా ఫోనులో సొంత అమ్మ పాట ఉంటుందన్న ఊహ ఆ నమూనాలో ఎక్కడా లేదు.

మన వీధుల్లో వేరే నమూనా నడిచింది. 2008 తరవాత చిన్న ఊళ్ళలో కూడా సెల్ షాపుల్లో మెమరీ కార్డులో పాటలు ఎక్కించేవారు. పదో పాతికో ఇస్తే కార్డు నింపేసేవాళ్ళు. వాళ్ళది గ్రంథాలయమూ కాదు, సింకూ కాదు. ఎడమ కిటికీలోంచి కుడి కిటికీలోకి కాపీ. అది చట్టవిరుద్ధమే, కాదనను. కానీ నాకు ఆ షాపే దిక్కయింది. 2008లోనే మా చెల్లెలి కూతురు అమ్మమ్మ పాటలు కావాలని నా ఫోనులోంచి కొన్ని తన కార్డులోకి ఎక్కించుకుందట. పోయాయని తెలిసిన మూడు నెలలకు ఆ కార్డు ఒక పాత ఫోనులో దొరికింది. 14 పాటలు. పేర్లు "ఆడియో 001", "ఆడియో 002". ట్యాగులు ఖాళీ. ఎవరు పాడారో లేదు.

మధ్యలో ఇంకో రెండు మోసాలు క్లుప్తంగా. డబ్బిచ్చి తాళం వేసిన పాటలు కొన్నవాళ్ళ సంగతి. మైక్రోసాఫ్ట్ వారి ఎంఎస్ఎన్ మ్యూజిక్ 2008లో, ఆగస్టు 31 తరవాత కొత్త కంప్యూటర్లకు తాళంచెవులు ఇవ్వమని ప్రకటించింది. జనం గోల చేస్తే 2011 దాకా పొడిగించింది. యాహూ మ్యూజిక్ అదే ఏడాది సెప్టెంబరులో తన దుకాణం మూసింది. ఐట్యూన్స్ దుకాణం 2009లో పాటలకు తాళాలు తీసేసింది. తరవాత అంతా మబ్బుల్లో పెట్టండన్నారు. గూగుల్ ప్లే మ్యూజిక్‌లో ఉచితంగా 50,000 పాటలు దాచుకోనిచ్చారు. 2020 డిసెంబరులో మూసేశారు. యూట్యూబ్ మ్యూజిక్‌కు మార్చుకోమన్నారు, మార్చుకోనివాళ్ళవి 2021 ఫిబ్రవరిలో పోయాయి. ఐట్యూన్స్‌ను కూడా 2019లో మాకింటాష్ మీద ముక్కలు చేశారు. ఫోను సింక్ పని ఫైండర్‌కు ఇచ్చారు. విండోస్‌లో 2024 నుంచి ఆపిల్ మ్యూజిక్, ఆపిల్ డివైసెస్ అని రెండు.

ఇంతకీ మాస్టారు ఏది పెట్టుకోవాలి? ఆయనది విండోస్ కంప్యూటరు, ఆండ్రాయిడ్ ఫోను. ఐఫోను అయితే నేను ఇంత ఆలోచించేవాణ్ణి కాదు, ఆపిల్ వేసిన దారిలోనే పొమ్మనేవాణ్ణి. ఆయనకు మ్యూజిక్‌బీ గానీ మీడియామంకీ గానీ సరిపోతుంది. మ్యూజిక్‌బీ ఉచితం, తేలిక, ట్యాగులు ఫైలులోనే రాస్తుంది, కేబులు తగిలించి ఫోనులోకి పంపుతుంది. మీడియామంకీకి ఫోనులో సొంత జోడీ ప్రోగ్రాము ఉంది, ఇంట్లో వైఫై మీద సింక్ అవుతుంది. ఫోనులో ఇచ్చిన నక్షత్రాలు తిరిగి కంప్యూటరుకు తెస్తుంది. నక్షత్రాల పిచ్చి ఉన్నవారికి అది. నేను రెండూ వాడను. ఫైళ్ళను ఫోల్డర్లలో పేర్లతో సర్ది, ట్యాగులు మ్యూజిక్‌బ్రెయిన్జ్ వారి పికార్డ్‌తో రాసి, ఫోల్డరును సింక్‌థింగ్‌తో ఫోనుకు పంపుతాను. కంప్యూటరు వైపు "పంపడం మాత్రమే" అని పెట్టాను, ఫోనులో వేలు తగిలి చెరిగినా ఇటు రాదు. పాత ప్రతులు దాచే సదుపాయం కూడా ఆన్ చేశాను. ఇందులోనూ దెబ్బ ఉంది. సింక్‌థింగ్ అసలు జట్టు ఆండ్రాయిడ్ యాప్‌ను 2024 డిసెంబరులో ఆపేసింది. వేరేవాళ్ళు నడిపే శాఖ మీద ఆధారపడాలి. ఆపేసినా నా ఫోల్డర్లు నా ఫోల్డర్లే, కేబులుతో కాపీ చేస్తాను.

మాస్టారూ, ఏది పెట్టినా ముందు పదకొండు వేలు దాని చేతిలో పెట్టకండి. పది ఫైళ్ళు పెట్టండి. రెండింటికి తెలుగులో పేర్లు రాయండి. సింక్ చేయండి. ఫోనులో ఒకటి చెరపండి, కంప్యూటరులో ఇంకొకటి చెరపండి, మూడోదాని పేరు మార్చండి. మళ్ళీ సింక్ చేయండి. ఏం జరిగిందో కాగితం మీద రాసుకోండి. ఆ తరవాత ఆ ఫైళ్ళను వేరే ప్రోగ్రాములో తెరిచి మీరు రాసిన పేర్లు కనబడుతున్నాయో లేదో చూడండి. గంట పని. ఇంకొక మాట, సింక్ అంటే భద్రం కాదు. పొరపాటును కూడా అది నమ్మకంగా రెండో చోటికి చేరవేస్తుంది. విడిగా ఒక డిస్కులో కాపీ ఉండాలి, ఆ డిస్కు బీరువాలో ఉండాలి.

ఎంపీత్రీ పనికిరాదు, అన్నీ నష్టంలేని ఫార్మాటులోకి మార్చాలి, ఖరీదైన తీగ వాడాలి అని చెప్పేవాళ్ళు కూడా మాస్టారికి తగులుతారు. ఈ బాపతు నమ్మకాలకు మంచి మందు ఉంది. ఏబీఎక్స్ పరీక్ష. మన్సన్, గార్డనర్ 1950లో దీని గురించి రాశారు. ఏది ఏదో తెలియకుండా వినిపిస్తారు, ఇది మొదటిదా రెండోదా చెప్పాలి. పీటర్ పావ్లోవ్‌స్కీ 2002 నుంచి రాస్తున్న ఫూబార్2000 అనే ప్లేయరుకు ఈ పరీక్ష పెట్టే అదనపు ముక్క ఉచితంగా దొరుకుతుంది. 2007లో మేయర్, మోరాన్ అనేవాళ్ళు ప్రచురించిన పరీక్షలో ఖరీదైన డిస్కుల శబ్దాన్నీ, దాన్నే మామూలు సీడీ స్థాయికి దించినదాన్నీ పోల్చి వినిపించారు. 554 సార్లకు 276 సరైన జవాబులు. బొమ్మా బొరుసా వేసినట్టే. నిజాయితీగా చెప్పాలంటే 2016లో జాషువా రీస్ 18 పరిశోధనలు కలిపి లెక్కకడితే 52.3 శాతం వచ్చింది. సున్నా కాదు. అంత తేడాకు ఎంత డబ్బు పెడతారన్నది వారి ఇష్టం.

ఈ పరీక్షను నేను ఇంకో పనికి వాడాను. ఆ 14 పాటలు దొరికాక ఇంట్లో తగవు వచ్చింది. అమ్మ గొంతూ పెద్దమ్మ గొంతూ ఒకేలా ఉంటాయి. నేను మూడు పాటలు విని ఇవి అమ్మవే, నాకు తెలియదా అన్నాను. చెల్లెలు అందులో రెండు పెద్దమ్మవే అంది. ఇద్దరికీ కన్నీళ్ళు వచ్చాయి, ఇద్దరం గట్టిగా అరుచుకున్నాం. కన్నీళ్ళు సాక్ష్యం కావని సభల్లో ఎన్నోసార్లు చెప్పినవాణ్ణి.

చెల్లెలి పెళ్ళి వీడియో ఉంది, 1996ది. అందులో అమ్మా పెద్దమ్మా విడివిడిగా పాడుతూ కనిపిస్తారు. మా అమ్మాయి టీవీకి దుప్పటి కప్పి, నాణెం ఎగరేసి, ఏది పడితే ఆ గొంతు పది సెకన్లు వినిపించింది. 16 సార్లు. కనీసం 12 సరిగా చెప్తేనే ఏదో తెలుస్తోందని ఒప్పుకోవాలి, ఉత్త అదృష్టంతో అన్ని రావడం వందలో నాలుగుసార్లు కూడా జరగదు. నాకు 9 వచ్చాయి. చెల్లెలికి 10. "నాన్నా, నువ్వు అమ్మమ్మను గుర్తుపట్టలేకపోయావు" అంది మా అమ్మాయి. చిన్నపిల్ల, ఉన్నమాట అంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

2019లో పెద్దమ్మ దగ్గరికి వెళ్ళాను. అప్పటికి 84 ఏళ్ళు. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకోవడం ఆవిడకు నవ్వులాటగా ఉంది. రెండు పాటలు వినగానే, "ఇది మీ అమ్మేరా. నాకు ఆ మూడో చరణం ఎప్పుడూ రాలేదు" అంది. ఇంకొకటి వింటూ, "ఇది నేనే. ఆ ఎండాకాలం నాకు ముందు పన్ను ఊడింది, చూడు, శ అనలేకపోతున్నాను" అంది. ఆ గుర్తు పట్టుకుని వెతికితే ఈల వేసినట్టు పలికే "శ" ఇంకో రెండు పాటల్లో దొరికింది. అంటే ఐదు తేలాయి. మిగతా తొమ్మిదింటి గురించి కూడా ఆవిడ తడుముకోకుండా చెప్పింది. నాకు బుద్ధి ఊరుకోదు గదా. వాటిలో నాలుగింటిని సాయంత్రం కాఫీ తాగాక మళ్ళీ వినిపించాను, మొదటిసారి అన్నట్టు. రెండింటికి జవాబు మారింది. ఆవిడకు ఆ మాట చెప్పలేదు.

వచ్చే ముందు ఆవిడ చేత ఇంకో హారతి పాడించి రికార్డు చేశాను. పాట అయ్యాక పేరు, తేదీ చెప్పమన్నాను. "నా పేరు నీకు తెలియదుట్రా" అని విసుక్కుంటూనే చెప్పింది. ఆ విసుగు కూడా ఫైలులో ఉంది. మిగిలిన తొమ్మిదింటికి గాయని అనే చోట "అమ్మ లేక పెద్దమ్మ" అని రాసి ఉంచాను.